మాట్లాడింది ఎవరు అన్న గడి

రెండు వేల ఏడో ఎనిమిదో అయ్యుంటుంది. తిరుపతిలో నేను పరిశోధన చేస్తున్న రోజులు. నగరి చేనేత మీద నా థీసిస్. మా సారుకు రిటైర్మెంటు దగ్గరపడింది, ఆయన ఉండగానే ఇచ్చేయాలి. రాయడమంతా అయింది కానీ, ఏ మాట ఎక్కడిదో చెప్పే నోట్సు, చివర పెట్టే ఆధారాల పట్టిక నన్ను చంపుకు తింటున్నాయి. వాటిని పాత పెళ్లిపత్రికల వెనకవైపు రాసి రబ్బరుబ్యాండు వేసి పెట్టుకున్నాను. ఒక పేరా అటు జరిపితే నోట్సన్నీ తారుమారయ్యేవి. నిజంగానే ఏడుపొచ్చేది.

హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి పులికాట్ రొయ్యల మీద పనిచేసేది. అది ఆధారాల పట్టిక కోసం ఇంటర్నెట్‌లో ఒక సాఫ్ట్‌వేర్ వాడేది.

"పేపరు పేరు కొట్టవే చాలు, మిగతాదంతా అదే లాక్కొస్తాది. రెండు దినాల్లో నీ పనైపోతాది" అని నన్ను కూర్చోబెట్టింది.

ఆ అమ్మాయి ఆధారాలన్నీ అచ్చయిన వ్యాసాలు. నావి చాలావరకు మనుషులు. నగరిలో నేను ఎక్కువగా వెళ్లి కూర్చున్న ఇంటి నేతాయన పేరు కొడితే పత్రిక పేరేమిటి, ప్రచురణకర్త ఎవరు అని అడిగింది ఆ సాఫ్ట్‌వేర్. విసుగొచ్చి ఆ గడిలో నగరి అని కొట్టాను. ఆయనేదో నగరి నుంచి పుస్తకం అచ్చేసినట్టు పట్టికలో వచ్చింది. రొయ్యల అమ్మాయి పడీపడీ నవ్వింది. నాకు ఒళ్లు మండింది.

"నీ రొయ్యలు నోరెత్తవు కాబట్టి నీకిది సరిపోయింది" అన్నాను.

లైబ్రరీలో ఒకాయన ఇంకోటి చెప్పారు. చూడ్డానికి బాగోదు, ఒక పేజీ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. కానీ అందులో ఇంటర్వ్యూ అని విడిగా ఉంది. తెరిస్తే రెండు గడులు వచ్చాయి. అడిగింది ఎవరు? మాట్లాడింది ఎవరు? మొదటి దానిలో నా పేరు కొట్టాను. రెండోదానిలో అలవాటుగా నేతాయన పేరు మొదలుపెట్టి ఆగిపోయాను.

ఎందుకంటే ఆయన మాట్లాడలేదు. ఆయన మగ్గం మీద, ఆయన భార్య పక్కన రాట్నం ముందు కండెలకు నూలు చుట్టుకుంటూ కూర్చునేవాళ్లు. నేను ఆయన్ని అడిగేదాన్ని, జవాబు ఆమె దగ్గరినుంచి వచ్చేది. ఏ రంగు ముసురు రోజుల్లో దిగిపోతుంది, గంజి ఎంత పలచగా ఉండాలి, ఏ అంచు చీరలు ఎప్పుడు ఆగిపోయాయి, అన్నీ ఆమె చెప్పినవే. వచ్చేటప్పుడు పేరు అడిగితే ఆమె మొగుడి పేరు నోటితో చెప్పలేదు. "ఆడ కరెంటు బిల్లుండాది, సూసి రాసుకో పాపా" అంది. చూసి రాసుకున్నాను. ఆమె పేరు అడగాలని నాకు తోచనే లేదు. ఆడవాళ్ల పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టరని ఒక అధ్యాయమంతా వాదించినదాన్ని నేనే! చచ్చేంత సిగ్గేసింది.

సారుకు చెప్పాను.

"ఇంటి పెద్ద ఆయనే గదమ్మా. ఇప్పుడు మారిస్తే ఇరవై ఏడు చోట్ల మార్చల్ల. యాడో ఒకచోట తప్పు పోతాది. నేను పోయేలోపల ఇయ్యి" అన్నారు. నా మంచికే అన్నారు. మర్నాడు పొద్దున్నే నగరి బస్సెక్కాను.

"దీనికోసరం ఇంత దూరం వచ్చినావా?" అని ఆమె ఆశ్చర్యపోయింది. "నా పేరేం చేసుకుంటావు పాపా? ఆయన పేరుంటే నాదున్నట్లే."

"లేదు పెద్దమ్మా. చెప్పింది నువ్వు. నీ పేరే ఉండాల."

ఆమె ఆయనవైపు చూసింది. ఆయన తలూపాడు. పుట్టింటి ఇంటిపేరుతో మొదలుపెట్టి, నాలుక కరుచుకుని అత్తింటి ఇంటిపేరుతో మళ్లీ చెప్పింది. ఏది రాయమంటావంటే, "మొదట చెప్పిందే రాయి" అంది.

ఆ నత్తనడక సాఫ్ట్‌వేర్‌నే ఎంచుకున్నాను. పెళ్లిపత్రికల వెనక ఉన్నవన్నీ చేత్తో ఎక్కించడానికి నాలుగు రోజులు పట్టింది. రొయ్యల అమ్మాయి తన పని మానుకుని పక్కన కూర్చుని చదివి చెప్పింది. ఇరవై ఏడు చోట్లా ఆయన పేరు తీసి ఆమె పేరు పెట్టాం.

అంతా అయ్యాక ఆయనకు మాత్రం అన్యాయం చేయకూడదనిపించింది. ఆయన నోటినుంచి వచ్చిందేమైనా ఉందేమోనని నా నోటుపుస్తకాలు మొదటినుంచీ తిరగేశాను. ఒక్కటే దొరికింది. మొదటిరోజు, మొదటి ప్రశ్నకే చెప్పాడు.

"నన్నడుగుతావేం పాపా, ఆమెనడుగు. అంతా ఆమెకే తెల్సు."

ఆ మాట నా చేత్తోనే పొల్లుపోకుండా రాసుకున్నాను. దాని కిందే రెండో ప్రశ్న ఉంది. అదీ ఆయన్నే అడిగాను.