అవ్వ తెచ్చిన రెండు బుట్టలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పుట్టినరోజు అంటే ఒకరిది కాదు, ఇద్దరిది. నేనూ మా తమ్ముడూ కవలలం. నేను ముందు పుట్టాను, వాడు నా వెనకే వచ్చాడు. ఆ కాస్త తేడాను పట్టుకుని నేను వాడి మీద పెత్తనం చేసేదాన్ని. అక్కా అని పిలవమంటే వాడు ఒక్కనాడూ పిలవలేదు.

మా నాన్నది తల్లాడ దగ్గర పల్లె. సేద్యం సాగక, పని వెతుక్కుంటూ అడవి అంచుకు వచ్చాడు. కొన్నాళ్లు కూలికి పోయి, మాకు ఊహ తెలిసేనాటికి బొగ్గు బాయిలో కుదురుకున్నాడు. పినపాక దాటాక ఉన్న కాలనీలో మాకొక చిన్న క్వార్టర్ ఇచ్చారు. వెనక తలుపు తీస్తే అడవే. ఎండాకాలం మధ్యాహ్నాల్లో గాలి తిరిగితే ఎండుటాకుల వాసన, బొగ్గు వాసన కలిసి ఇంట్లోకి వచ్చేవి.

మేము పుట్టింది వైశాఖ పున్నమి మర్నాడు. ఇంగ్లిషు తేదీ ఏదో బడి కోసం నాన్న రాయించాడు గానీ, మా ఇంట్లో పండుగ మాత్రం ఆ పున్నమి మర్నాడే. కేకు అంటే ఏమిటో మాకు తెలియదు. పొద్దున్నే అమ్మ ఇద్దరినీ పీటల మీద కూర్చోబెట్టి నూనె అంటి, కుంకుడు రసంతో తలంటు పోసేది. ఒకే గుడ్డలోంచి నాకు గౌను, వాడికి చొక్కా కుట్టించేది. బెల్లం పరమాన్నం వండేది. అది తిన్నాక మేమిద్దరం గుమ్మంలో కూర్చుని అవ్వ కోసం ఎదురుచూసేవాళ్లం.

అవ్వ మాకు చుట్టం కాదు. అడవి లోపల కోయగూడెంలో ఉండేది. అమ్మకు పురుడు పోసింది ఆమే. ఆమెకు తేదీలతో పని లేదు, చంద్రుణ్ణి చూసి రోజు గుర్తుపెట్టుకునేది. ఏటా ఆ పొద్దున గూడెం నుంచి నడిచి వచ్చేది. వెదురుతో తానే అల్లిన చిన్న బుట్టలు రెండు తెచ్చేది. వాడి బుట్టలో మొర్రిపండ్లు, నా బుట్టలో తునికిపండ్లు. ఎవరికి ఏవి ఇష్టమో ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. చక్కెర ఎక్కువ వేయించుకుని టీ తాగి, నోట్లో చుట్ట పెట్టుకుని, మమ్మల్ని చెరో పక్కన కూర్చోబెట్టుకుని మేము పుట్టిన కథ చెప్పేది. ఏటా అదే కథ. అయినా అది వినకపోతే మాకు పుట్టినరోజు అయినట్టు ఉండేది కాదు.

నాలుగో తరగతి చదువుతున్న ఏడు, వానాకాలంలో తమ్ముడికి జ్వరం పట్టుకుంది. మొదట మామూలు జ్వరమే అనుకున్నాం. కాలనీ దవాఖానలో సూదులు వేశారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. వాడు ఏదేదో మాట్లాడడం మొదలుపెట్టాక జీపులో భద్రాచలం తీసుకుపోయారు. నన్ను పక్కింట్లో ఉంచి వెళ్లారు. తిరిగి వచ్చిన జీపులోంచి ముందు నాన్న దిగాడు. వాడు నాన్న భుజం మీద నిద్రపోతున్నట్టే ఉన్నాడు. నేను వాణ్ణి పిలుస్తూ ఎదురు పరుగెత్తాను. ఎవరో నన్ను వెనక్కి పట్టుకున్నారు.

ఆ తర్వాత అమ్మ వాడి పేరు ఎత్తడం మానేసింది. వాడి బట్టలు మూటకట్టి నాయనమ్మతో తల్లాడ పంపించింది. ఎవరైనా పరామర్శకు వస్తే లేచి వంటింట్లోకి పోయేది. నాకు అన్నం పెట్టేది, జడ వేసేది, బడికి పంపేది, కానీ నా ముఖం వంక చూసేది కాదు. నన్ను చూస్తే పక్కన వాడు లేకపోవడమే ఆమెకు కనిపించేదేమో. ఇది నాకు ఇప్పుడు తోస్తున్న మాట. అప్పుడు మాత్రం, నేనే ఏదో చేయకూడనిది చేశాననుకున్నాను. నవ్వు వస్తే ఆపుకునేదాన్ని. ఇంట్లో అడుగుల చప్పుడు కూడా కాకుండా నడవడం నేర్చుకున్నాను. వాడి గురించి నాన్నను ఏదైనా అడగబోతే, నాన్న అమ్మ వైపు చూసి, నన్ను బయటికి పంపేవాడు.

అలా వానలు పోయి, చలి పోయి, మళ్లీ ఎండాకాలం వచ్చింది. వైశాఖ పున్నమీ వచ్చింది. మర్నాడు పొద్దున ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. నాన్న డ్యూటీకి పోతూ గుమ్మం దగ్గర ఆగి నా తల మీద చెయ్యి వేశాడు. తర్వాత సైకిలెక్కాడు. అమ్మ పొయ్యి మీద మామూలుగానే అన్నం పెట్టింది. నేను పాత గౌనుతో గుమ్మంలో కూర్చున్నాను. అవ్వ వస్తుందని నాకు ఆశ. వస్తే ఎలా అని భయం. ఎందుకంటే ఆమెకు ఏమీ తెలియదు. వానలకు ముందే గోదావరి దాటి, చర్ల వైపు ఇచ్చిన కూతురి కాన్పుకని వెళ్లి, చాలా నెలలు అక్కడే ఉండిపోయింది. తిరిగి వచ్చాక కూడా మా ఇంటినుంచి ఆమెకు కబురు పోలేదు.

ఎండ ముదిరే వేళకు ఆమె వచ్చింది. నెత్తి మీద చుట్టకుదురు, చేతిలో రెండు బుట్టలు. నన్ను చూసి దూరం నుంచే నవ్వింది.

"చిన్నోడేడి? నాకంటె ముందుగాల ఉరికొచ్చెటోడు, ఇయ్యాల చెట్టెక్కి కూసున్నడా ఏంది?" అని అడిగింది.

నేను లోపలికి చూశాను. లోపలినుంచి అమ్మ వచ్చింది. తలుపు చెక్క పట్టుకుని నిలబడింది. అమ్మను చూడగానే అవ్వ నవ్వు ఆగిపోయింది.

"లేడవ్వా," అంది అమ్మ. "వానల్ల జ్వరమొచ్చి పోయిండు."

అవ్వ ఎండలోనే మెట్టు మీద కూలబడింది. బుట్టలు ఒళ్లో పెట్టుకుని, తన భాషలో ఏదో అంటూ ఏడ్చింది. ఆ మాటలు మాకు తెలియవు గానీ, వాడి పేరు మాత్రం మధ్య మధ్యలో వినిపించింది. మా ఇంట్లో ఆ పేరు విని అన్ని నెలలయింది. అమ్మ లోపలికి పోలేదు. అలాగే నిలబడింది.

కాసేపటికి అవ్వ కళ్లు తుడుచుకుని అమ్మను గట్టిగానే అడిగింది. వాణ్ణి మొట్టమొదట చేతుల్లోకి తీసుకున్నది తానని, మట్టిలో పెట్టేముందు కాకపోయినా తర్వాతైనా తనకొక కబురు పంపవద్దా అని. తాను ఈ బుట్ట అల్లుతున్నంతసేపూ వాడు ఎంత ఎత్తు పెరిగాడో అనుకుంటూ అల్లిందట. అమ్మ తలవంచుకుని, "ఎట్ల చెప్పంపాలె అవ్వా? నాకే నోరు రాలే," అంది. ఆ మాటతో అవ్వ కోపం పోయింది. లేచి అమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకువచ్చి కూర్చోబెట్టింది. మంచినీళ్లు తానే ముంచుకుని తాగింది. అప్పుడు నా తల వైపు చూసింది. పొడిగా, చిక్కుపడి ఉంది.

పిల్లకు తలంటు పోయలేదేమని అడిగింది. ఇంక ఈ ఇంట్లో పుట్టినరోజులేమిటని అమ్మ అంది. ఆ మాట వింటూ నేను గోడకు ఇంకాస్త దగ్గరగా జరిగాను. అవ్వ నన్ను పిలిచి తన ముందు కూర్చోబెట్టుకుంది. ఏటా మొదలుపెట్టినట్టే కథ మొదలుపెట్టబోయింది. అమ్మ చటుక్కున ఆమె చెయ్యి పట్టుకుంది.

"వద్దవ్వా. చెప్పకు."

"వాణ్ణి ఇడిసిపెట్టి చెప్పమంటవా బిడ్డా? వాడు లేకుంట ఈ పిల్ల కథ ఏడున్నది?" అంది అవ్వ. అని, చెప్పింది.

ఆ కథ ఇది. నెలలు పూర్తిగా నిండకముందే అమ్మకు నొప్పులు మొదలయ్యాయి. నాన్న ఎడ్లబండి అడిగి తెచ్చి దవాఖానకు బయల్దేరాడు. అడవి దారి మధ్యలోకి వచ్చేసరికి ఇక ముందుకు పోలేని పరిస్థితి. ఆ పక్కనే గూడెం ఆడవాళ్లు తునికాకు తెంపుతున్నారు. అమ్మ కేకలు విని అవ్వ ఆకు మూట అక్కడే వదిలి పరుగెత్తుకొచ్చింది. ఆడవాళ్లంతా చుట్టూ నిలబడి చీరలు అడ్డం పట్టారు. నాన్న ఎడ్ల పగ్గాలు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాడు. నేను పుడుతూనే అడవంతా వినపడేలా ఏడ్చాను. అందరూ నవ్వారు. అయిపోయిందనుకున్నారు. అవ్వ అమ్మ కడుపు మీద చెయ్యి వేసి, ఇంకొకరు ఉన్నారంది.

తమ్ముడు చప్పుడు లేకుండా వచ్చాడు. తలకిందులుగా పట్టుకున్నా, అరికాళ్లు రుద్దినా, వీపు మీద తట్టినా ఏడవలేదు. ఈలోగా అమ్మ స్పృహ తప్పింది. అమ్మను చూసుకోవాలని, అవ్వ వాణ్ణి నా పక్కన గుడ్డ మీద పడుకోబెట్టింది. నేను కాళ్లు కొట్టుకుంటూ వాడి ఛాతీ మీద ఒక్క తన్ను తన్నాను. వాడు తుమ్మాడు. తర్వాత ఏడ్చాడు.

ఏటా కథ అక్కడికి వచ్చేసరికి నేను గొప్పలు పోయేదాన్ని. వాడు నన్ను తిరిగి తన్నేవాడు. ఆ రోజు మాత్రం ఇంట్లో ఎవరూ కదల్లేదు. అవ్వ అంతటితో ఆపలేదు. అంతకుముందు ఎన్నడూ చెప్పని ముక్క ఒకటి చెప్పింది. తన కడుపున పుట్టిన మొదటి కొడుకు కూడా అలాగే చప్పుడు లేకుండా వచ్చాడట. ఆ బిడ్డ మాత్రం ఎంతకీ ఏడవలేదు. ఆ రోజు మా తమ్ముడు నీలంగా తన చేతుల్లో ఉన్నప్పుడు, వీడు కూడా ఏడవకపోతే ఇంక జన్మలో ఎవరికీ పురుడు పోయననుకుందట.

"వాడు ఏడ్చిండు. గందుకే ఈ చేతులతోని మళ్ల పని చేసిన. ఆ తర్వాత నా చేతుల మీద పుట్టినోళ్లందరు వాడు ఏడిస్తెనే పుట్టిండ్రు," అంది అవ్వ. అమ్మ ముఖంలోకి చూస్తూ మళ్లీ అంది: "సచ్చిన దినం ఒక్కటే వాడిది కాదు బిడ్డా. పుట్టిన దినం గూడ వాడిదే. అది వాని దగ్గర గుంజుకోకు. ఈ పిల్ల దగ్గర గూడ గుంజుకోకు."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. తర్వాత, ఎవరినో ఏదో చిన్న సంగతి అడుగుతున్నట్టుగా, "పుట్టంగనే వానికి జుట్టు బాగుండె గద అవ్వా?" అంది. బాగుండేదని, చెవుల మీదికి పడేదని అవ్వ అంది. ఆ జుట్టు తాను స్పృహలోకి వచ్చాక చూశానని, ముందు ఎవరి పిల్లాడో అనుకున్నానని, ఒక్కరే అనుకుంటే ఇద్దరెట్లా అని నాన్నతో వాదించానని అమ్మ చెప్పుకుపోయింది. వాడి పేరు పెట్టి చెప్పింది. చెప్తూ ఒకచోట నవ్వింది. ఆ నవ్వులోంచే ఏడుపు వచ్చింది. అన్ని నెలలూ నేను అమ్మ ఏడవగా చూడలేదు. నాకు భయం వేయలేదు. నేను కూడా అమ్మ ఒళ్లో తల పెట్టి, మొదటిసారి శబ్దం చేస్తూ ఏడ్చాను.

అవ్వ వాడి బుట్ట అమ్మ ముందు పెట్టి, నువ్వు తినమంది. అమ్మ ఒక మొర్రిపండు నోట్లో వేసుకుంది. నమలకుండా చాలాసేపు బుగ్గన పెట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి నూనె గిన్నె తెచ్చింది. నా తల మీద ఆమె వేళ్లు కదులుతుంటే నేను కళ్లు మూసుకున్నాను. నీళ్లు పోసి తుడిచాక, గడ్డం పట్టుకుని నా ముఖం పైకెత్తి చూసింది. తేరిపార చూసింది. నా ముఖంలో ఆమె వాణ్ణి చూసిందో నన్నే చూసిందో నాకు తెలియదు. ఇద్దరినీ చూసి ఉంటుంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చిన నాన్న, తడి జుట్టుతో ఉన్న నన్నూ, పొయ్యి దగ్గర బెల్లం తరుగుతున్న అమ్మనూ చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. అవ్వ ఆయన చేతిలో నాలుగు పండ్లు పెట్టింది. నాన్న బొగ్గు అంటిన బట్టలతోనే గోడ వారగా గొంతుక్కూర్చున్నాడు. ఎవరూ అడగకుండానే, "ఆ దినం ఎడ్లు గూడ కదల్లే. గంత ఎండల కదలకుంట నిలబడ్డయి," అన్నాడు. అంతవరకూ ఆ కథలో తన ముక్క నాన్న ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఒక్క రోజుతో అమ్మ దుఃఖం తీరిపోయిందని చెప్పను. ఆ తర్వాత కూడా వానాకాలం వచ్చిందంటే అమ్మ మాట తగ్గిపోయేది. కొన్నిసార్లు అన్నం వడ్డిస్తూ చెయ్యి మధ్యలో ఆగేది. కానీ వాడి పేరు ఇంట్లోకి తిరిగి వచ్చింది. అవ్వ మరికొన్ని వేసవులు వచ్చింది. ఒక ఏడు ఆమె రాలేదు. నాన్న గూడెం దాకా పోయి, ఆమె ఇక లేదని తెలుసుకుని వచ్చాడు. ఆ ఏడునుంచి కథ చెప్పడం అమ్మ వంతయింది. తన చివరి వేసవి దాకా ఒక్క ఏడు కూడా మానలేదు. వాణ్ణి విడిచిపెట్టి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇప్పుడు నాకు మనవలున్నారు. ఈ కాలనీలోనే ఉంటున్నాను. ఇన్నేళ్లలో ఎన్నో ఇళ్లకు పరామర్శకు పోవాల్సి వచ్చింది. అక్కడ అందరూ ఎట్లా పోయాడు, ఎప్పుడు పోయాడు, ఆఖరున ఏమన్నాడు అని అడుగుతారు. నేను అవి అడగను. పోయిన ఏడు మా వీధి చివరింట్లో ఎదిగిన కొడుకు బండి మీదనుంచి పడి చనిపోయాడు. జనమంతా వెళ్లిపోయాక ఆ తల్లి పక్కన కూర్చుని, నీ కొడుకు ఎట్లా పుట్టాడమ్మా, ఎండాకాలమా, వానాకాలమా అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత వానాకాలం అంది. దవాఖానకు పోయేసరికి కరెంటు లేదంది. ఏడుస్తూనే చెప్పుకుపోయింది. వాడు పుట్టగానే నర్సు వేలు గట్టిగా పట్టుకుని వదల్లేదని చెప్తూ, ఒక్క క్షణం నవ్వింది. ఇంటి దగ్గర నాకు పనులున్నాయి, పొద్దు వాలుతోంది. అయినా లేవలేదు. ఆమె చెప్పడం అయ్యేదాకా అక్కడే కూర్చున్నాను.