సల్లగా ఉండు

పంకజానికి తెలిసిన దీవెన ఒక్కటే. కొత్త పెళ్లికూతురు కాళ్లకు మొక్కినా, పరీక్షకు పోయే పిల్లాడు వచ్చి నిలబడినా, నిన్న కుళాయి దగ్గర తనతో జుట్టూ జుట్టూ పట్టుకున్న ఆడది ఇవాళ రాజీకొచ్చినా, అదే మాట: "సల్లగా ఉండు." సారం అనే పేటలో వాళ్ల వీధివాళ్లు ఆమెను వెక్కిరించడానికి కూడా ఆ మాటే వాడేవాళ్లు. ఆమె బతుకంతా చల్లదనం మీదే నడిచింది మరి. మొగుడు పోయాక తోపుడుబండి మీద రాగి అంబలీ చల్లా అమ్మి కొడుకు భువనేశ్‌ను పెంచింది. ఒంట్లో వేడి చేరితే సకల రోగాలూ చేరతాయని ఆమె నమ్మకం. మన ఆషాఢానికి దగ్గరగా వచ్చే ఆడి మాసంలో మారియమ్మ గుడి ముందు జనానికి అంబలి పోసి, "తల్లీ, అందర్నీ సల్లబరుచు" అని మొక్కుకునేది. ఇంట్లో తెలుగు, బండి దగ్గర తమిళం. ఏ భాషలో చూసినా వేడి చెడ్డది, చల్లన మంచిది. ఇందులో తప్పేముంది? మనమూ అలా అనుకునేవాళ్లమే.

భువనేశ్ దగ్గర్లోని మేట్టుపాళయంలో ఒక గోదాములో సరుకు దించే పని చేసేవాడు. చిత్తిరై నెల ఎండల్లో, వెనక్కి వస్తున్న ఫోర్క్‌లిఫ్ట్ బండి అతని ఎడమ కాలిని గోడకేసి నొక్కేసింది. విరిగిన ఎముకను ఆసుపత్రిలో రాడ్లు వేసి నిలబెట్టారు. కానీ మోకాలికీ మడమకీ మధ్య తోలూ కండా ఊడిపోయి తెల్లటి ఎముక బయటికి కనిపిస్తోంది. కట్టు మార్చేటప్పుడు పంకజం ఒక్కసారి చూసింది. తర్వాత చాలా రోజులు ఆమెకు ముద్ద దిగలేదు.

డాక్టర్ ఇళవరసన్ నెమ్మదిగా మాట్లాడే మనిషి. ఎముకను అలా వదిలేస్తే చీము పడుతుందనీ, అప్పుడు కాలు తీసేయక తప్పదనీ దాపరికం లేకుండా తమిళంలో చెప్పాడు. గాయం పక్కన తోలు మీద ఒక చిన్న యంత్రం ఆనించి వెతికాడు. ఒకచోట "షూ, షూ" మని చప్పుడు వచ్చింది.

"విన్నావా అమ్మా? కండలోంచి పైకి వచ్చి తోలుకు రక్తం ఇచ్చే సన్నటి నాళం ఇది. పెర్ఫొరేటర్ అంటాం. దీని చుట్టూ తోలు ముక్క కోసి, ఈ నాళం మాత్రం తెగకుండా, ముక్కను తిప్పి ఎముక మీద కప్పుతాం."

"తమలపాకును కాడ తెంచకుండా తిప్పినట్టా సార్?"

"అంతే. కాడ బతికితే ఆకు బతుకుతుంది. ఆకు బతికితే కాలు ఉంటుంది."

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. ముక్క కనిపించేలా కట్టులో కొంచెం సందు వదిలారు. "రంగు మారినా, వాచినా వెంటనే పిలువు" అని నర్సు తిలగం చెప్పి వెళ్లింది. ఆమె ఒక్కతే చూసుకోవలసిన మంచాలు బోలెడు. వేడీ చల్లన సంగతి ఆమె చెప్పలేదో, చెప్పినా పంకజం చెవికెక్కలేదో, ఇప్పుడు తేల్చేవాళ్లు లేరు.

మొదటి రోజు ఆ ముక్క వెచ్చగా ఉంది. పంకజం మునివేళ్లు ఆనించి హడలిపోయింది.

"ఏందిరా ఇది, కాలిపోతా ఉండాది! యాడ చీము పడతాదో ఏమో" అని మారియమ్మకు మొక్కుకుంది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ తాకింది. బండి మీది కుండంత చల్లగా తగిలింది. రంగు మారిందా అంటే, వాడిది నల్లటి ఒళ్లు, ఆమె కంటికి తేడా తెలియలేదు.

"భువనూ, సల్లబడిందిరా!" ఆమెకు ఏడుపొచ్చింది.

"మంట కూడా తగ్గిందిమా. నిద్దరొస్తా ఉండాది."

"పడుకో నాయనా. తల్లి సల్లగా చూసింది."

అటుగా వచ్చిన తిలగం ఎలా ఉందని అడిగింది. పంకజం మొహం ఇంత చేసుకుని, "సూడు తణింజు పోచ్చు" అంది. వేడి తగ్గిపోయిందని. ఆ మాట జ్వరానికీ సరిపోతుంది. జ్వరం దిగిందనుకున్న తిలగం కూడా సంతోషించి, పక్క మంచంలో ఎవరో అరుస్తుంటే అటు పరుగెత్తింది. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరూ నిజమే చెప్పుకున్నారు. అదే కడుపు మండే సంగతి.

సాయంత్రం డాక్టర్ వచ్చి ముక్క మీద వేలు పెట్టగానే ఆయన మొహం మారింది. సూదితో గుచ్చాడు. రక్తం రాలేదు. యంత్రం ఆనించాడు. చప్పుడు లేదు.

"ఎప్పట్నుంచి ఇలా చల్లగా ఉంది?"

"మధ్యాహ్నం నుంచీ సార్. మంచిదే కదా?"

ఆయన యంత్రం పక్కన పెట్టాడు. "చల్లబడిందంటే రక్తం ఆగిందని అమ్మా. కాడ మెలిపడింది. అప్పుడే తెలిసుంటే కుట్లు విప్పి చూసేవాణ్ణి. విప్పినా నిలిచేదని చెప్పలేను."

ఆయన చివర చెప్పినవి రెండు మాటలు. పంకజం మొదటిదే ఇంటికి తెచ్చుకుంది. రెండోది ఎవరెన్నిసార్లు గుర్తుచేసినా ఆమెకు వినపడదు.

వెంటనే లోపలికి తీసుకుపోయి మెలిక విప్పారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. ముక్క నల్లబడి ఎండిపోయింది, ఎముకకు చీము పట్టింది. ఆడి నెల రాకముందే మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

ఆ ఏడు పంకజం గుడి ముందు అంబలి పోయలేదు. ఎందుకని పక్కింటి కమలమ్మాళ్ అడిగితే, "ఆయమ్మనేం అనను అక్కా. సల్లబరచమంటిని, సల్లబరిచింది" అంది. కొడుక్కి మాత్రం ఏమీ చెప్పలేదు. తోలు అతుక్కోలేదనే వాడికి తెలుసు. చెబితే తన మొహం చూడడేమోనని ఆమె భయం.

మళ్లీ ఎండలొచ్చాయి. బండి వెనక స్టూలు మీద, చంకకర్రలు పక్కన పెట్టుకుని భువనేశ్ లోటాలు కడుగుతున్నాడు. కమలమ్మాళ్ మనవరాలు లోకేశ్వరి కొత్త మొగుణ్ణి వెంటబెట్టుకొచ్చి, నవ్వుతూ వంగి పంకజం కాళ్లు తాకింది.

పంకజం నోరు తెరిచింది. "సల్ల..." అని ఆపేసింది. పిల్ల చెంప మీద చెయ్యి వేసి, అలాగే ఉంచింది.

"ఎచ్చగా ఉండమ్మా" అంది.

"ఏందవ్వా, ఈ ఎండల్లోనా?" లోకేశ్వరి పకపకా నవ్వి, మొగుడితో పాటు ముందుకు సాగిపోయింది.

లోటా కడుగుతున్న భువనేశ్ చెయ్యి ఆగింది. తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, ఆ పొద్దు కాలు సల్లబడిందని ఏడిస్తివే. అందుకేనా పోయింది?"

"అవున్రా నాయనా" అంది పంకజం.