మొహం చూసి చెప్పే రేటు

మా సారు పోయారు. ఛత్రపూర్‌లో పని చూసుకుని వస్తుంటే బస్సులోనే గుండె ఆగిపోయిందట. గంట తిరక్కుండానే బరంపురం గేట్ బజార్ షావుకార్లందరి స్టేటస్సుల్లోనూ ఆయన ఫోటో, కింద చేతులు జోడించిన బొమ్మ. బతికుండగా ఆయన మాట చెవిన పెట్టిన పాపాన పోలేదు వీళ్లలో ఒక్కడూ.

బట్టల కొట్టు మేడ మీద మాది చిన్న ఆఫీసు. అడిగినవాళ్లకి సాఫ్ట్‌వేర్లు, ఫోన్ యాప్‌లు చేసిపెడతాం. పాత్రపూర్ పక్క పల్లె నుంచి, ఇంగ్లీషు ముక్క పలకడానికే భయపడుతూ వచ్చిన నాకు సారే పని నేర్పారు. ఈరోజు నేను తినే అన్నం ఆయన పెట్టిందే. ఎవరికైనా యాప్ కోడు రాసే ముందు వాళ్ల కొట్టుకెళ్లి గల్లా పక్కన రోజంతా కూర్చోమనేవారు. "యాప్ కావాలని వచ్చినోడికి ఏటి కావాలో ఆడికే తెల్దు. నువ్వే సూసి తెలుసుకో" అనేవారు.

యాప్ మొదలుపెట్టే రోజున షావుకార్లు కొబ్బరికాయ కొట్టి ఫోనుకి కుంకుమబొట్టు పెట్టేవారు. సారు దాన్ని చొక్కా కొసతో తుడిచి, కుంకుమ లోపలికి పోయిందేమోనని ఊదేవారు. యాప్ ఎలా పనిచేస్తుందో అడిగినవాడు లేడు గాని ముహూర్తం అడగనివాడు లేడు.

ఒకసారి పెద్ద చీరల షావుకారు వచ్చాడు. చీర ఒక్కటేనట, రేటు మాత్రం కొనేవాళ్ల ఊరిని బట్టి యాప్‌లో మారాలట. బరంపురం వాళ్లకి ఒకటి, పాత్రపూర్ రైతులకి ఇంకాస్త ఎక్కువ. మా అక్క పెళ్లికి నాన్న చీరలు కొన్నది అతని దగ్గరే. నా మొహం మాడిపోయింది. సారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మొకం సూసి రేటు సెప్పడం నీ నోటికి అలవాటు. నా సేత అది రాయించకు, ఎల్లు."

అంత పెద్ద పని చేజారినందుకు మేం భయపడ్డాం. ఆయన టీ తెప్పించుకుని తాపీగా తాగారు.

షావుకారు ఇంకెవరి చేతో చేయించుకున్నాడు. పాత్రపూర్ వాళ్లూ బరంపురం వాళ్లూ వియ్యమందుతారన్న సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు. ఒక నిశ్చితార్థంలో వియ్యపురాళ్లిద్దరూ పక్కపక్కన కూర్చుని ఒకే చీరని చెరో ఫోన్లో చూశారు. తర్వాత మా వైపు పల్లెల్లో ఆ యాప్ ఉంచుకున్నవాళ్లు లేరు. సారు ఆ పని చేయనన్న సంగతి కూడా ఊళ్లకి పాకింది.

సారు పెద్దకర్మ అయిన మర్నాడు ఆ షావుకారే మేడెక్కి వచ్చాడు. సారుని పొగిడాడు, తడి లేని కళ్లు తుడుచుకున్నాడు. యాప్ మళ్లీ చేయాలట. రేట్ల సంగతి అలాగే ఉండాలట, కాకపోతే ఈసారి దొరక్కుండా. చేతిలో పని లేక ఆఫీసు మూతబడేలా ఉందని అతనికి తెలుసు. తన ఫోన్లో సారు ఫోటో తెరిచి, వేళ్లతో సాగదీసి, తెర నిండా మొహం వచ్చేలా చేసి చూపించాడు.

"తెరవగానే ఇదే రావాలమ్మా. మీ అటేపు జనానికి ఆయనంటే నమ్మకం. ఈ మొకం ఉంటే ఇంకేటీ అడగరు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఇన్నాళ్లూ మొహాలు చూసి రేటు చెప్పినవాడు, ఇప్పుడు మా సారు మొహానికే రేటు కడుతున్నాడు.

"నేను సెయ్యను" అన్నాను. ఆఫీసు మూతబడినా సరేనన్నాను.

అతను నవ్వి లేచాడు. చేసేవాళ్లు బజార్లో బోలెడుమంది ఉన్నారన్నాడు. అదీ నిజమే. మా మెట్లు ఇరుకు, పగలు కూడా చీకటే. దారి కోసం ఫోను ముందుకు పట్టుకుని దిగుతుంటే, అతని చేతిలో వెలుగుతున్న సారు మొహం ఒక్కో మెట్టూ కిందికి వెళ్లిపోయింది.