బూష్తా చల్లబడిన చలికాలం

ఒక మగవాడి వృషణాలు చల్లబడడం కోసం మర్రాకేష్‌లో మా పేట ఆడవాళ్ళంతా ఒక చలికాలం మొత్తం స్నానం మానేశారు.

సరే, మొత్తం మానలేదు. పేట అంతా స్నానం చేసే హమామ్‌కి పొయ్యి రాజేసే బూష్తా ఊళ్ళో లేని ఆ మూడు నెలలూ అతని బావ ఒకడు వచ్చి, బుద్ధి పుట్టినప్పుడల్లా నిప్పు వేసేవాడు. నీళ్ళు గోరువెచ్చగా కూడా ఉండేవి కావు. ఆడవాళ్ళు బకెట్లు మోసుకుని వెళ్ళి, వణుక్కుంటూ తిరిగొచ్చి, మగాళ్ళందరినీ కలిపి తిట్టేవారు. మిగతాదంతా నిజమే. కనీసం డాక్టరు గదిలో జరిగింది నిజం. అక్కడ నేనున్నాను.

బూష్తా పని నేల కింద. మెట్లు దిగితే మసి పట్టిన గుహ, దాని చివర పొయ్యి నోరు. దాని ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా బాసింపట్టు వేసుకుని కూర్చుని, రంపపు పొట్టూ ఆలివ్ పిప్పీ గుప్పెళ్ళతో లోపలికి విసురుతూ ఉండేవాడు. వాళ్ళ నాన్నా అక్కడే కూర్చున్నాడు, తాతా అక్కడే కూర్చున్నాడు. పేటలో మగాళ్ళు మాంసం, జీలకర్ర, ఊరేసిన నిమ్మకాయ కూరిన తంజియా కుండలు తెచ్చి ఇస్తే, వేడి బూడిదలో పూడ్చి సాయంత్రానికి తీసేవాడు. కొత్త పెళ్ళికొడుకు కుండ అయితే వాడి తల్లి మెట్ల మీంచి కేకేసి మరీ చెప్పేది: "బాగా ఉడకనీ బూష్తా, వాడికి బలం రావాలి!" బూష్తా చేతి కుండ తిన్నవాడి ఇంట్లో ఏడాది తిరక్కుండా ఉయ్యాల కడతారని పేరు.

ఆ పేరున్నవాడికి పెళ్ళయి ఎనిమిదేళ్ళు. పిల్లల్లేరు.

మా వైపు పిల్లలు కలగకపోతే నడుములో చలి చేరిందంటారు. చలికి మందు వేడి. ముందు భార్య బతూల్‌ను మూలికల పొగ మీద కూర్చోబెట్టారు, వేడి ఇసుకలో పాతిపెట్టారు. ఆమెను వేయించడం అయ్యాక, అత్తగారు లల్లా ఖదూజ్ కొడుకు వైపు తిరిగింది. మూలికల కొట్టు సీ మెక్కీ అల్లమూ మిరియాలూ ఏవేవో నూరి ఇచ్చి, పొయ్యికి ఇంకాస్త దగ్గరగా కూర్చోమన్నాడు. బూష్తా జరిగాడు. నెల ఆగి ఇంకా జరిగాడు. కాల్చిన ఇటుక గుడ్డలో చుట్టి పొత్తికడుపుకు కట్టుకున్నాడు. ఏమీ కాలేదు.

"పండగ దాటనీ, రెండో పెళ్ళి చేస్తాను. పిల్లను చూసి ఉంచాను," అంది లల్లా ఖదూజ్. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే గది. అంటే బతూల్ పుట్టింటికి పోవాల్సిందే.

బతూల్ ఏడవలేదు. "నన్ను పంపేముందు ఒక్కసారి పెద్దాసుపత్రికి వెళ్ళిరా," అంది.

ఆసుపత్రిలో, స్వాతంత్ర్యం వచ్చినా ఇంకా ఇంటికి పోని ఫ్రెంచి డాక్టరు ఒకాయన ఉండేవాడు. బూష్తా నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, నువ్వు తోడు రావాలి. ఆయనకి మన మాట రాదు."

"నాది కాన్వెంటు సిస్టర్లు నేర్పిన ఫ్రెంచిరా. అందులో నడుం కింద ఏమీ లేదు."

"ఉన్నదాంతోనే కానిద్దూ."

సీసా ఇచ్చి అతన్ని పక్కగదిలోకి పంపారు. అక్కడి సంగతి అతను చెప్పలేదు, నేను అడగలేదు. డాక్టరు చాలాసేపు సూక్ష్మదర్శినిలో చూసి, కాగితం మీద బొమ్మ గీసి, మాట్లాడడం మొదలుపెట్టాడు. నేను నా చేతనైనట్టు చెప్పాను.

"నీళ్ళతిత్తిని మనం ఎక్కడ వేలాడదీస్తాం బూష్తా?"

"నీడలో. గాలి తగిలేచోట."

"దేవుడూ అందుకే వాటిని బయట వేలాడదీశాడట. ఒంటి వేడి కూడా వాటికి ఎక్కువేనట. చలేస్తే పైకి ముడుచుకుంటాయి, ఉక్కపోస్తే కిందికి జారతాయి. గమనించావా?"

"నావి ఎప్పుడూ జారే ఉంటాయి."

"లోపల దారాల్లాంటి గొట్టాలు చుట్టలు చుట్టుకుని ఉంటాయట. విత్తు తయారయ్యేది అందులో. ఒకటి తయారవడానికి రెండు నెలల పైనే పడుతుందట. తర్వాత వెనకున్న మెలికల గొట్టంలోకి పోయి ఈత నేర్చుకుంటుంది. అక్కణ్ణుంచి పొడుగాటి నాళంలో కడుపులోకి ఎక్కి, మూత్రపు సంచి వెనక్కి తిరిగి, దారిలో గ్రంథుల రసం కలుపుకుని, అప్పుడు బయటికి."

"ఇంత చుట్టుదారా?" అన్నాడు బూష్తా నీరసంగా. "నాకులాగే అలిసిపోతాయి పాపం."

"నీవి అసలు బయల్దేరడమే లేదురా. ఆయనకి కనిపించినవే కొన్ని, వాటిలో కదిలేవి ఇంకా తక్కువట."

బూష్తా లేచి నిలబడ్డాడు. "అబద్ధం! నేను మగాణ్ణి. కావాలంటే బతూల్‌ని అడగమను."

ఆ మాట డాక్టరుకు చెప్పాను. ఆయన నవ్వలేదు. నమ్ముతున్నానన్నాడు.

"గడ్డానికీ గొంతుకీ కోరికకీ కావలసిన రసం, ఆ గొట్టాల సందుల్లో ఉన్న వేరే కణాల్లో ఊరుతుందట. అవి వేడికి అంత తేలిగ్గా లొంగవట. మగతనం వేరు, విత్తు వేరు అంటున్నాడు. మొదటిది నీకు నిండుగా ఉంది."

"రెండోది?"

"ఉడికిపోయింది. మూడు నెలలు పొయ్యికి దూరంగా ఉండమంటున్నాడు. తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. మాటివ్వలేను అంటున్నాడు."

ఆసుపత్రి మెట్ల మీద అతను కూర్చుండిపోయాడు. "అందరూ చలి అన్నారు కదన్నా."

"అన్నారు."

"నేను ఇంకా దగ్గరికి జరిగాను."

మర్నాడు మళ్ళీ పొయ్యి ముందే కూర్చున్నాడు. వదిలిపెట్టి పోతే జనం కారణం అడుగుతారు. కారణం తెలిస్తే ఏ పెళ్ళికొడుకు తల్లి అతని చేతికి కుండ ఇస్తుంది? పండగ దగ్గరపడుతోంది. నేను మెట్లు దిగి వెళ్ళిన ఒకరోజు, మంటలోకి చూస్తూనే అన్నాడు: "బతూల్‌కి చెప్పేశానన్నా."

"ఏమంది?"

"కాళ్ళు కడుక్కు రమ్మంది. రొట్టె పెట్టింది. తిన్నాక అడిగింది, మీ అమ్మకి చెప్పేది నువ్వా, నేనా అని."

"నువ్వేమన్నావు?"

"ఇంకో రొట్టె వెయ్యమన్నాను."

చివరికి తల్లికి అతనే చెప్పాడు. లల్లా ఖదూజ్ పూసల దండ తిప్పుతూ విని, ఒక్కటే అడిగింది: "ఈ సంగతి ఇంకెవరికి తెలుసు?" మర్నాడు పొద్దున్నే ఆవిడ ఇల్లిల్లూ తిరిగి, కొండ మీద కోడలి తమ్ముడికి కాలు విరిగిందనీ, పొలం చూసే దిక్కులేక కొడుకూ కోడలూ వెళుతున్నారనీ చెప్పొచ్చింది. రెండో పెళ్ళి మాట మళ్ళీ ఎత్తలేదు. పది రోజులకు ఆ తమ్ముడు రెండు కాళ్ళ మీద సంతకు దిగి, అందరూ తన మోకాళ్ళ వంకే ఎందుకు చూస్తున్నారో తెలియక కంగారుపడ్డాడు.

బూష్తా ఆ మూడు నెలలూ కొండ మీద మంచునీళ్ళలో నిలబడి కాలువల్లో పూడిక తీశాడు. పడుకుంటే ఒళ్ళు చల్లగా ఉండేదనీ, అది తన ఒళ్ళులా అనిపించేది కాదనీ చెప్పాడు. బతూల్ పగలబడి నవ్వగా వినడం అక్కడే మొదటిసారట.

మరుసటి చలికాలానికి ఆడపిల్ల పుట్టింది. తామూ అని పేరు పెట్టారు. తన మందు కాస్త ఆలస్యంగా పట్టిందని సీ మెక్కీ చెప్పుకున్నాడు. బూష్తా మళ్ళీ మెట్లు దిగి పొయ్యి ముందు కూర్చున్నాడు. వేరే పని రాదు మరి. ఇంకో బిడ్డ కలగలేదు. ఇంకో మూడు నెలలు అడిగే ఓపిక అతనికీ లేదు, ఇచ్చే ఓపిక పేటకూ లేదు.

ఇదంతా రాసి మొన్న అతనికి చదివి వినిపించాను. గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకునే విన్నాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"అంతా అబద్ధం," అన్నాడు. "నేను జన్మలో ఏ డాక్టరు మొహమూ చూడలేదు. ఏ కొండా ఎక్కలేదు. నాకెప్పుడూ ఏ లోపమూ లేదు."