తాడు కట్టించుకోని జీపు

మా గార్ల ఊళ్లో ఇద్దరు జీపు ఓనర్లకు ఎప్పుడూ ఒకటే పంచాయితీ. నాలుగు చక్రాలూ లాగే తమ బండ్లలో అడవి బాటకు ఏది గట్టిదని! ఒకరి జీపు దిగబడితే రెండో ఆయన తాడు కట్టి లాగాలి. తాడు కట్టించుకున్నవాడు ఓడినట్టు. ఆ పిచ్చికి ఊరంతా ఈలలు వేసేది.

తెలంగాణ కోసం రోడ్లు బంద్ చేసిన రోజున మా అక్కకు నొప్పులు మొదలయ్యాయి. మహబూబాబాద్ దవాఖానకు అడవి బాటే దిక్కు. ఇద్దరూ బండ్లు తీశారు. ముందు వెళ్లిన కొత్త జీపు వాగు దాటింది. అక్క ఉన్న పాతది నడి వాగులో దిగబడింది. అక్కను కదిపే స్థితి లేదు.

కొత్త జీపాయన తాడు పట్టుకొచ్చాడు.

"వద్దే, జర ఆగు. గిది ఎక్కుతది" అన్నాడు పాత జీపాయన.

ఎక్కలేదు. చక్రాలు తిరిగినకొద్దీ ఇంకా కూరుకుపోయింది. అక్క పక్కన కూర్చున్న మా అవ్వ దిగి ఆయన కాళ్ల మీద పడ్డాకే తాడు కట్టనిచ్చాడు. అప్పటికి అక్క అరవడం మానేసింది.

అక్క దినాల నాడు ఇద్దరూ మా ఇంటికొచ్చి పక్కపక్కనే కూర్చున్నారు. నేను చాయ్ అందిస్తున్నాను.

"ఎన్క బరువుండె గదనే. లేకుంటే ఎక్కేదే" అన్నాడు పాత జీపాయన.

రెండో ఆయన ఆలోచించి తలూపాడు.

ఆ బరువు మా అక్క.