బ్రాకెట్లు లేని ఏడో ప్రశ్న

కరోనాతో కాలేజీలు మూతపడిన ఏడాది నేను చీరాలలో ఒక జూనియర్ కాలేజీలో లెక్కల శాఖాధిపతిని. సీనియర్ని కదా అని ఆన్‌లైన్ పరీక్షల బాధ్యతా నాకే అంటగట్టారు. ఎంట్రన్స్ కోచింగ్‌కి ఫీజు లేని ప్రత్యేక బ్యాచ్ ఒకటుండేది. దానికి ఇరవై మందిని ఒక ఆన్‌లైన్ పరీక్షతోనే ఎంపిక చేయాలి. ముప్ఫై ఏళ్లు సుద్దముక్క పట్టినవాణ్ణి, ఫోన్‌లో పది ప్రశ్నలు కొట్టడం కూడా ఒక పనేనా అనుకున్నాను.

ఎంపికైనవాళ్ల జాబితా పంపిన మర్నాడు వేటపాలెం నుంచి రూతు అనే విద్యార్థిని ఫోన్ చేసింది. వాళ్లమ్మ జీడిపప్పు కార్ఖానాలో పనిచేసేది. ఆ పిల్ల ఒక్క మార్కు తేడాతో ఇరవై ఒకటో స్థానంలో ఆగిపోయింది.

“సార్, ఏడో ప్రశ్నకి నా జవాబు ఒకటిన్నర రైటేనండి. ఒక్కసారి చూడండి సార్.”

“ఏంటమ్మాయ్ చూసేది? అందరికీ మూడొస్తే నీకు ఒకటిన్నర ఎలా వచ్చింది?” అని గద్దించాను.

“మీరు పంపింది x+1/x-1 అండి. x విలువ 2 అన్నారు. కూడికలకన్నా ముందు భాగహారం చెయ్యాలని మీరే నోట్స్‌లో రాసి పంపారు కదండి.”

ఫోన్ పెట్టేసి ప్రశ్న తీసి చూశాను. ఒళ్లు మండిపోయింది, నా మీద నాకే. బోర్డు మీదైతే x+1 రాసి, కింద పొడుగ్గా గీత గీసి, దాని కింద x-1 రాస్తాం. ఆ గీతే బ్రాకెట్ పని చేసిపెడుతుంది. ఫోన్‌లో ఆ గీత ఉండదు, (x+1)/(x-1) అని కొట్టాలి. మిగతావాళ్లు నా వీడియో పాఠాల్లో బోర్డు చూశారు కాబట్టి నా ఉద్దేశం పట్టేశారు. రూతు ఫోన్‌లో వీడియోలు ఆడేవి కావు. నేను పంపింది పంపినట్టే నమ్మి 2+1/2-1 చేసింది.

ప్రిన్సిపాల్‌గారికి చెబితే, “ఒక్క మార్కేగా మాష్టారూ, జాబితా వెళ్లిపోయింది. ఇప్పుడెవరు అడుగుతారు?” అన్నారు.

“ఆ అమ్మాయి అడిగిందండీ,” అన్నాను.

మార్కు కలిపితే రూతు ఇరవయ్యో పేరుతో సమానమైంది. ఇద్దరినీ తీసుకున్నాం. పిల్లల వాట్సాప్ గ్రూపులో ప్రశ్న నేనే తప్పు కొట్టానని రాశాను. సిగ్గేసింది, దాచుకోను.

ఆ తరవాత ప్రతి ప్రశ్నపత్రాన్నీ ముందుగా మా తెలుగు లెక్చరర్‌గారికి పంపి, ఉన్నది ఉన్నట్టు కాలిక్యులేటర్‌లో కొట్టమనేవాణ్ణి. ఆయనకి వచ్చిన జవాబు నా జవాబుతో కలిస్తేనే పిల్లలకి పంపేవాణ్ణి. x^2 బదులు x2 అని కొట్టిన తప్పులూ అలాగే దొరికాయి.

బోర్డు దగ్గర పక్కనే ఉంటాం కాబట్టి మన అలవాట్లు చెల్లిపోతాయి. టైపులో బ్రాకెట్ మరిచిపోతే ముందుగా నష్టపోయేది, మనం నేర్పింది తు.చ. తప్పకుండా పాటించిన విద్యార్థే.