ఒకటో పాఠం మేస్త్రి

రైలు గేటు పడింది. బస్సు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేశాడు. ఇంజను ఆగిన బస్సంత గొప్ప పరిచయ వేదిక లోకంలో మరొకటి లేదు. అంతవరకూ ఎవరి గోల వాళ్ళదిగా కూర్చున్న జనం, ఉన్నట్టుండి పక్కవాళ్ళ ఇంటి సంగతులన్నీ వినేస్తారు. కిటికీ పక్కన కూర్చున్న ఆమెకి మాత్రం వేరెవరి సంగతులూ కాదు, తన గొంతే తనకి వినిపించింది.

"ఒకటో పాఠం. నీటిమట్టం చూడటం. ముందుగా గాజుగొట్టం దగ్గరికి వెళ్ళండి."

గొంతు పక్కసీటాయన ఫోన్లోంచి వస్తోంది. మనిషికి యాభై దాటి ఉంటాయి. కళ్ళజోడు ముక్కు చివర వేలాడుతోంది. ఫోన్లో గొంతు కంటే అరక్షణం ముందే ఆయన పెదాలు కదులుతున్నాయి. ఆమె చదువుతూ ఊపిరి తీసుకున్న చోట ఆయన కూడా ఊపిరి తీసుకుంటున్నాడు.

ఆమెది పాఠాలు చదివే ఉద్యోగం. గోడలకి స్పాంజి అతికించిన చిన్న గదిలో మైకు ముందు కూర్చుని, కార్ఖానాల్లో పనిచేసేవాళ్ళ కోసం ఒక యాప్‌కి గొంతు ఇస్తుంది. ఎవరికి ఏ పాఠం పెట్టాలో ఆ యాప్ తనే తేలుస్తుంది: ఎవరు ఏది విన్నారు, ఎక్కడ ఆపారు, దేన్ని మళ్ళీ విన్నారు అని వేలి కదలికలన్నీ కనిపెట్టి, ఫలానావారికి ఫలానాది నప్పుతుందని చేతికందిస్తుంది. దానికి ఈమధ్య ఒక అనుమానం పట్టుకుంది. బాయిలర్ పాఠాల్లో మొదటిదాన్ని ఎవరో మళ్ళీ మళ్ళీ వింటున్నారు, అంటే అది అర్థం కావడం లేదు. బాయిలర్ పాఠాలు వినేవాళ్ళు ఎక్కడైనా గుప్పెడు మందే కాబట్టి, ఆ అనుమానం ఆఫీసు తెరమీద ఎర్రటి మచ్చలా మెరిసింది. ఆఫీసులో మేనేజరు చాలా మర్యాదస్తుడు. మీ ఉచ్చారణలో తప్పేం లేదండీ, కొంచెం నెమ్మదిగా చదివితే ఎలా ఉంటుంది, అన్నాడు. చదివింది. మచ్చ పోలేదు. ఇంకా నెమ్మదిగా చదివింది. మచ్చ ముదిరింది. మూడోసారి ఎంత సాగదీసి చదివిందంటే, ఇంటికెళ్ళి అదే ధోరణిలో మాట్లాడితే మొగుడు నుదుటిమీద చెయ్యి వేసి చూశాడు.

ఇప్పుడా మచ్చ కళ్ళజోడు పెట్టుకుని పక్కసీట్లో కూర్చుని ఉందేమోనని ఆమెకి తోచింది.

"బాబాయిగారూ, ఆ పాఠం మీకు అర్థం కావడం లేదా?"

"అర్థం కాకపోవడమేంటమ్మా. నిద్రలో లేపినా అప్పజెప్పేస్తాను."

"మరి మళ్ళీ ఎందుకు వింటున్నారు?"

పొద్దున్నే మొహం ఎందుకు కడుక్కుంటున్నారని అడిగినవాళ్ళని చూసినట్టు చూశాడు. తర్వాత, గేటు ఎలాగూ తీసేలా లేరు కాబట్టి, చెప్పుకొచ్చాడు. ఆమె మధ్యలో రెండుసార్లు అడ్డం రావడంతో రెండుసార్లూ కథ మళ్ళీ మొదటికొచ్చింది. మూడోసారి ఆమె పెదవి విప్పలేదు.

ఆయన ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ దుప్పట్లూ ఉతికే పెద్ద లాండ్రీలో బాయిలర్ మేస్త్రి. బాయిలర్ ముట్టించడానికి ఆయనకో వరస ఉంది. ముందు గాజుగొట్టం, తర్వాత నీళ్ళ పంపు, ఆ తర్వాత మంటకి నూనె వదిలే కవాటం, చివరికి పొగగొట్టం తలుపు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మళ్ళీ గాజుగొట్టం దగ్గరికే. ఒకరోజు యజమాని ఒకే మాట చెప్పడానికి మూడుసార్లు వచ్చేసరికి బాయిలర్ బాగా ఆలస్యంగా వేడెక్కిందట, తడి దుప్పట్లన్నీ గుట్టలుగా పడి ఉన్నాయట. యజమాని ఏమన్నారని అడగబోయి ఆమె నాలుక కరుచుకుంది. ఇంట్లోనూ అదే తంతు. మేమిద్దరం మొదట కలుసుకున్న కథ పెళ్ళయినప్పటినుంచీ చెబుతూనే ఉన్నారు, ఆ కథలోకి నేనింకా రాలేదు అని ఆయన భార్య ఇరుగమ్మతో అంటుందట. ఆ మాట ఆయనే చెప్పాడు, మెచ్చుకున్నట్టు.

పుస్తకం చదవడం ఏ పేజీలో ఆపినా, మర్నాడు మొదటి పేజీ నుంచే అందుకునేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి మొదటి అధ్యాయం మీద సాటిలేని పట్టు ఉంటుంది, హంతకుడెవరో మాత్రం చచ్చేదాకా తెలియదు. మేస్త్రిది ఆ జాతి. వచ్చిన చిక్కేమిటంటే, ఈసారి చివరి పేజీతోనే ఆయనకి పనిపడింది.

ఆయనది రాత్రి షిఫ్టు. భార్య పగలు, లాండ్రీ ఎదుటి సందులోనే, యూనిఫారాలు కుట్టే దుకాణంలో చేస్తుంది. ఆయన ఇల్లు చేరే వేళకి ఆవిడ చెప్పులు తొడుక్కుంటూ ఉంటుంది. కాపురమంతా గుమ్మంలోనే నడిచింది. పగటి షిఫ్టు మేస్త్రి ఈ నెలాఖరుకి మానేస్తున్నాడు. యాప్‌లో పరీక్ష పాసైనవాళ్ళకి ఆ చోటు ఇస్తామన్నారు. ఇవాళే ఆఖరు రోజు. ఇస్త్రీ మిషన్ల దగ్గర చేసే ఒకతను ఎప్పుడో పాసై, పగటి షిఫ్టులో ఎక్కడ కూర్చోవాలో కూడా చూసిపెట్టుకున్నాడు. మేస్త్రికి మాత్రం పరీక్ష తెరుచుకోనే లేదు. నువ్వు సిద్ధమని యాప్ అనుకున్నాకే అది తెరుచుకుంటుంది. యజమాని కాళ్ళావేళ్ళా పడదామని ఇలా పట్టపగలు బయల్దేరాడు.

"మరి రోజూ యాప్ మీకేం పెడుతోంది?"

ఆయన కొంచెం సిగ్గుపడ్డాడు. మొదట్లో ఒకటో పాఠమే పెట్టింది. తర్వాత ఒకటో పాఠంలోనే తేలికది పెట్టింది. ఆ తర్వాత, నీళ్ళు వేడెక్కితే ఏమవుతాయి అన్నది. ఈమధ్య మీసాలున్న కెటిల్ బొమ్మ ఒకటి వచ్చి పాట పాడుతోంది. చెబుతున్నవాళ్ళని మధ్యలో ఆపడం మర్యాద కాదని ఆయన పాట పూర్తయ్యేదాకా విన్నాడు. అది చూసి యాప్ ముచ్చటపడి కెటిల్ చెల్లెల్ని పంపింది, నిన్న మేనల్లుణ్ణి కూడా పంపింది.

"పాట బాగానే ఉందమ్మా," అన్నాడు న్యాయంగా.

ఆమెకి నవ్వూ కోపమూ ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. రోజూ మొదటినుంచీ వింటున్నారు కాబట్టి మీకేమీ రాదని అది అనుకుంటోందని చెప్పింది.

"రానివాడు ఇన్నిసార్లు వింటాడా? రానివాడు విసుగెత్తి వదిలేస్తాడు."

"నిజమే బాబాయిగారూ. కానీ దానికి మీ మొహం కనిపించదు కదా. వేలు ఎక్కడ పడిందో అదే కనిపిస్తుంది. కింద 'ఇది నాకు వచ్చు' అని ఉంటుంది, ఎప్పుడైనా నొక్కారా?"

"చూశాను. మనసొప్పలేదు. పాపం ఆవిడ అంత ఓపిగ్గా చెబుతుంటే, నాకు వచ్చులే అని మొహం మీద అనేస్తామా?"

"ఆ ఆవిడ నేనే."

ఆయన నమ్మలేదు. ఆమె గొంతు సవరించుకుని, గాజుగొట్టం దగ్గరికి వెళ్ళండి అంది, మూడోసారి చదివినంత నెమ్మదిగా. మేస్త్రి సగం లేచి, చొక్కా సర్దుకుని, మళ్ళీ కూర్చున్నాడు.

"ఒంట్లో ఎలా ఉంది టీచరుగారూ? ఈమధ్య బాగా నీరసంగా చెబుతున్నారు. మా ఇంట్లో కూడా బెంగపెట్టుకున్నాం."

నా నీరసానికి కారణం మీరేనయ్యా మహానుభావా అన్న మాట ఆమె నోటిదాకా వచ్చింది. మింగేసి, ముందు ఆ మీట నొక్కమంది. ఆయన వేలు ఎత్తాడు, ఆమె వైపు చూశాడు, దించేశాడు. టీచరు ఎదురుగా ఉండగా ఎలా నొక్కడం? చివరికి ఆమె మొహం కిటికీ వైపు తిప్పుకుంది. అప్పుడు నొక్కాడు, దొంగతనం చేసినట్టు.

గేటు తీశారు. బస్సు కదిలింది. నిజంగా వచ్చో రాదో తేల్చుకోవడానికి యాప్ ప్రశ్నలు మొదలుపెట్టింది. ఒకటి తొమ్మిదో పాఠంలోది, ఒకటి నాలుగోది, ఒకటి ఏడోది, కలగాపులగంగా. జవాబులు చెప్పనని ఆమె ముందే అనేసింది. ఆయన ప్రతి ప్రశ్నకీ గాజుగొట్టం దగ్గర బయల్దేరి, గొణుక్కుంటూ, చేతికి అలవాటైన పనులన్నీ వరసగా దాటి అక్కడికి చేరుతున్నాడు. ఆవిరి పీడనం మీద ఒకటి తప్పు పోయింది. మొహం వాడిపోయింది. మళ్ళీ మొదలుపెడతానని వేలు వెనక్కి పోనిచ్చాడు.

ఆమె అరచేత్తో ఫోను మూసేసింది. "వెనక్కి వెళ్తే మళ్ళీ కెటిలే. ఒకటి తప్పైతే కొంపేం మునగదు, కానివ్వండి."

చెయ్యి తీసింది. తెరమీద తర్వాతి ప్రశ్న: మంట మండుతోంది, గాజుగొట్టంలో నీరు కనిపించడం లేదు, ముందుగా ఏం చేస్తారు? మేస్త్రి గొణగలేదు. మంట ఆపడం అన్నదాని మీద టక్కున వేలు వేశాడు. ఆమె ఆశ్చర్యపోయి, ఈసారి మొదట్నించీ రాలేదేం అంది.

"మొదట్నించీ వస్తూ కూర్చుంటే అందరం పైకెగిరిపోతాం కదమ్మా."

అనేసి, తన మాట తనకే కొత్తగా తగిలినట్టు ఒక్క క్షణం ఆగాడు. ఆ తర్వాతి ప్రశ్నలకి గొణుగుడు లేదు. ఎక్కడ అడిగితే అక్కడే దిగాడు. కాసేపటికి తెర పచ్చబడింది. పరీక్షకి మీరు సిద్ధం, మొదలుపెడతారా అంది. ఆయన ఎవరినీ అడక్కుండానే మొదలుపెట్టేశాడు.

ఆయన దిగాల్సిన చోటు వచ్చింది. ఫోనులోంచి తల ఎత్తకుండానే లేచి, ఒకరి సంచీ తొక్కి, ఒకరి భుజం పట్టుకుని, ఎలాగో దిగాడు. ఎవరిదో కుట్టుమిషను కిందికి దింపుతున్నారు, బస్సు ఇంకా కదల్లేదు. ఆమెకి ఆయనతో చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఇక ఆ ఒకటో పాఠం జోలికి పోవద్దని చెప్పాలి. మచ్చ మీరేనని మా ఆఫీసుకి ఫోన్ చేసి ఒక్క మాట చెప్పమని అడగాలి. కిటికీలోంచి తల బయటపెట్టి, "బాబాయిగారూ," అని పిలిచింది. మేస్త్రి దుమ్ములో నిలబడి, బొటనవేలితో నొక్కుతూ, నొక్కుతూ, ఒకచోట ఆగాడు. కళ్ళజోడు పైకి తోసుకుని ఆ పచ్చటి తెరనే ఇంకోసారి చూసుకున్నాడు. ఫోను జేబులో వేసుకున్నాడు.

లాండ్రీ గొట్టం కుడివైపు పొగలు కక్కుతోంది. ఆయన అటు తిరగలేదు. రోడ్డు దాటి, భార్య పనిచేసే దుకాణం ఉన్న సందువైపు పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ వెళ్ళిపోయాడు.